ఉన్న పేటలోనే తిరగడం టైం వేస్టా?

బెర్లిన్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని సంగతి కుదించి చెబుతున్నాను.

ఆవిడకి ముప్పై ఏళ్లు. భర్తకి బెర్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చి, బ్లూ కార్డ్ అనే ఉద్యోగ, నివాస అనుమతి మీద ముందు ఆయన వెళ్లారు. ఈవిడ అయిదేళ్లుగా చేస్తున్న అకౌంట్స్ ఉద్యోగం మానేసి కొన్నాళ్లకి వెళ్లి చేరారు. ఏడాది కావస్తోంది. ఇల్లు నాయ్‌కోల్న్‌లో, హెర్మన్‌స్ట్రాసె స్టేషన్‌కి దగ్గర. పొద్దున జర్మన్ క్లాసు, ఆ తర్వాత ఇల్లు. సాయంత్రం ఆయన వచ్చేదాకా పలకరించే మనిషి ఉండరు. శని ఆదివారాలు వస్తే మాత్రం ఆవిడకి ప్రాణం లేచొస్తుంది. మ్యాప్ చూడకుండా బయల్దేరి, తోచిన వీధిలోకి మళ్లి, బెంచీ కనిపిస్తే కూర్చుని, మధ్యాహ్నమంతా అలా తిరిగి వస్తారు. పెద్ద రోడ్డు దాటి రెండు మలుపులు తిరిగేసరికి రాళ్లు పరిచిన దారి, పొట్టి ఇళ్లు, పాత కమ్మరి కొలిమి కనిపించాయట. "ఇంత పట్నంలో పల్లెటూరు ఎక్కణ్ణుంచి ఊడిపడిందో" అని రాశారు. ఇళ్ల గుమ్మాల ముందు నేలలో పొదిగిన ఇత్తడి పలకల మీది అక్షరాలు వంగి చదువుతారట. డిక్షనరీ తీయకుండా తను చదవగలిగిన మొదటి జర్మన్ వాక్యాలు అవేనట.

భర్తకి ఇది మింగుడుపడటం లేదు. "యూరప్ నడిబొడ్డున ఉండి, ఇంటి చుట్టూ సందులు కొలుస్తావా?" అంటారు. ఆయన స్నేహితులు నాలుగైదు తెలుగు జంటలు. అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూప్. ఓ వారం ప్రాగ్, ఓ వారం డ్రెస్డెన్, మరో వారం హాంబర్గ్. తెల్లవారకుండా లేచి రైలెక్కడం, రోజంతా పరుగులు, ఫొటోలు, అర్ధరాత్రికి ఇల్లు. పోయిన నెల ఒక ట్రిప్‌కి ఆవిడ రానన్నారు. ఆయన ఒక్కరే వెళ్లి, అక్కడ అందరికీ "తనకి ఒంట్లో బాగాలేదు" అని చెప్పారు. అప్పట్నుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. ఆదివారం వీడియో కాల్‌లో అత్తగారు "ఈ వారం ఏం చూశారమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలో తోచదు. "నాది బద్ధకమా? ఆయన సరదాని నేను చెడగొడుతున్నానా? మనసు చంపుకుని వెళ్లిపోవడమే మంచిదా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

ముందు ఆ బద్ధకం మాట తీసి పక్కన పెట్టండి. మధ్యాహ్నమంతా కాళ్లీడ్చుకుంటూ తిరిగి, పరాయి భాషలో రాసినవి వంగి వంగి చదివే మనిషికి ఆ పేరు అతకదు. మీరు చేస్తున్నది నిజమైన పని. ఆ ఊళ్లో మీకంటూ కాలు మోపే చోటు చేసుకుంటున్నారు. మీవారికి ఆఫీసు ఉంది, కుర్చీ ఉంది, పేరు పెట్టి పిలిచే సహోద్యోగులున్నారు. మీకు వాటిలో ఏదీ లేదు కాబట్టి వీధుల్ని పరిచయం చేసుకుంటున్నారు. నాకైతే ఇందులో తప్పేమీ కనిపించలేదు.

మీరు చూసిన ఆ పల్లెటూరు ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు, అసలు ఊరే అది. దాని పేరు రిక్స్‌డార్ఫ్. తమ మతాన్ని బతకనివ్వని బోహీమియా నుంచి పారిపోయి వచ్చిన ప్రొటెస్టంట్ కుటుంబాలకి ప్రష్యా రాజు మొదటి ఫ్రెడరిక్ విలియం 1737లో అక్కడ నివాసం ఇచ్చాడు. రిషార్ట్‌ప్లాట్స్ పక్కనున్న కిర్ష్‌గాసె అనే చిన్న వీధిలో ఆయన విగ్రహం ఉంటుంది, ఈసారి చూడండి. వలస వచ్చినవాళ్ల వారసులు కృతజ్ఞతగా 1912లో పెట్టించుకున్నది అది. అదే ఏడాది రిక్స్‌డార్ఫ్ పేరు మార్చి నాయ్‌కోల్న్ అన్నారు. 1920లో అది బెర్లిన్‌లో కలిసింది. బోహీమియా అంటే ఇవాళ చెక్ దేశంలో ఉన్న ప్రాంతమే, ప్రాగ్ దాని రాజధాని. మీవారు నాలుగు గంటలకు పైగా రైల్లో కూర్చుని ఏ నేలని చూసి వస్తున్నారో, ఆ నేల వదిలి వచ్చినవాళ్ల ఊళ్లో మీరు తిరుగుతున్నారు. ఈ సంగతి ఆయనకి చెప్పండి. దెప్పడానికి కాదు. మీ ఇద్దరి వారాంతాలు ఎడమొహం పెడమొహంగా ఉండక్కర్లేదని తెలియడానికి.

ఆ ఇత్తడి పలకల సంగతీ అంతే. గుంటర్ డెమ్‌నిగ్ అనే శిల్పి 1990లలో మొదలుపెట్టిన పని అది. నాజీలు ఈడ్చుకుపోయినవాళ్లు చివరిసారి తమ ఇష్టప్రకారం ఉన్న ఇంటి ముందు, పది సెంటీమీటర్ల చదరపు పలక వేస్తారు. "ఇక్కడ నివసించారు" అని మొదలై, పేరు, పుట్టిన ఏడు, ఎప్పుడు తీసుకుపోయారు, ఎక్కడ చంపారు అన్నది నాలుగైదు పంక్తుల్లో ఉంటుంది. 2023 నాటికి యూరప్ అంతటా లక్ష దాటాయి. రైలు దిగి, గంటలో ఊరు చుట్టేసే మనిషి వాటి మీద కాలు వేసుకుంటూ వెళ్లిపోతాడు. మీరు ఆగి చదువుతున్నారు. దయచేసి అది మానకండి.

ఇంకో మాట. ఆదివారం అన్నీ మూసేసి ఉంటాయి, ఆ పేటలో చూడ్డానికి ఏముందని మీవారు అన్నట్టు రాశారు. జర్మనీలో ఆదివారం విశ్రాంతి దినమన్న మాట రాజ్యాంగంలోనే ఉంది. 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని ఆ నిబంధనని 1949లో ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి తెచ్చుకున్నారు. అందుకే కొన్ని ప్రత్యేక ఆదివారాలు తప్ప దుకాణాలు తెరవరు, ఖాళీ సీసాలు వీధిలో గాజు వేసే డబ్బాలో పడేసి చప్పుడు చేయడానికి కూడా ఒప్పుకోరు. కొనడానికేమీ లేని ఆ రోజున బెర్లిన్ జనం చేసేది మీరు చేస్తున్నదే. పార్కుకి పోతారు, కాలవగట్టున నడుస్తారు, బెంచీ మీద కూర్చుంటారు. అంటే మీ ఆదివారం ఆ ఊరి ఆదివారమే.

ఇక్కడిదాకా మీ పక్షానే మాట్లాడాను. ఇప్పుడు కాస్త కష్టమైన సంగతికి వస్తాను.

ఉత్తరం మధ్యలో మీరు ఒక వాక్యం రాసి, దాని మీద ఇంకేమీ చెప్పకుండా దాటేశారు. "నడుస్తున్నంతసేపు నన్నెవరూ ఏమీ అడగరు" అన్నారు. రెండు పేజీల తర్వాత ట్రిప్పుల గురించి రాస్తూ, రైలెక్కగానే మిగతా ఆడవాళ్లు "ఇంకా జాబ్ రాలేదా? జర్మన్ ఎంతవరకొచ్చింది?" అని మొదలుపెడతారని రాశారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. మీకు ప్రాగ్ మీద విసుగు లేదు, రైలు మీద విసుగు లేదు. ఆ ప్రశ్న వింటే ప్రాణం చివుక్కుమంటోంది. అయిదేళ్లు సొంత జీతం తెచ్చుకున్న మనిషి నలుగురిలో తల వంచుకుని "చూస్తున్నానండీ" అనాల్సి రావడం చిన్న బాధ కాదు. ఉత్తరం మొత్తం మీద, ఈ సంగతి మీవారికి చెప్పినట్టు ఎక్కడా లేదు. ఆయనకి తెలిసిందల్లా ప్రయాణాలంటే మీకు ఇష్టం లేదనే. తను ఎంతో సరదాగా ప్లాన్ చేసినవాటిని మీరు కాదంటున్నారనే ఆయన నొచ్చుకుంటున్నారు.

నడక మీద మీ ఇష్టం నిజమైనదే, అనుమానం లేదు. కానీ కొంత అది దాక్కునే చోటు కూడా అయింది. రెండూ ఒకేసారి నిజం కావచ్చు. దాక్కోవడం కొన్నాళ్లు అవసరం కూడా. అయితే ఏడాది పొడవునా ఎవరూ అడగని చోటే వెతుక్కుంటూ పోతే, అడిగేవాళ్లతో పాటు పలకరించేవాళ్లు కూడా దూరమవుతారు. అకౌంట్స్ పనికి అక్కడ మంచి జర్మన్ కావాలి, దానికి టైం పడుతుంది. అందులో మీ లోపం ఏమీ లేదు. ఆ ఒక్క ముక్క "జర్మన్‌లో బీ టూ స్థాయి అయ్యాక వెతుకుతాను" అని ముందే ఒక జవాబుగా తయారుపెట్టుకుంటే, అడిగినప్పుడల్లా గుండె జారిపోదు.

మీవారి వైపు కూడా చూడాలి. ఆయన ఎందుకంత పరుగు పెడుతున్నారు? "రెండు మూడేళ్లలో వెనక్కి వచ్చేస్తామేమో, ఈలోగా అన్నీ చూసేద్దాం" అని ఒకసారి అన్నారని మీరే రాశారు. మీరేమో ఇంటి పక్క పార్కులో ఏ చెట్టు ఎప్పుడు పూస్తుందో గుర్తుపెట్టుకుంటున్నారు. ఆయన ఆ ఊళ్లో చుట్టంలా ఉన్నారు, మీరు కాపురానికి వచ్చినట్టు ఉన్నారు. నా దృష్టిలో మీ అసలు తగువు ఇదే. శనివారం రైలా, నడకా అన్నది దాని పైపొర. ఉంటామా, పోతామా అన్నది ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒక్కసారి కూడా మాట్లాడుకున్నట్టు లేదు.

ఇక మీ ముందున్న దారులు. అన్నిటికీ ఎంతో కొంత ఖరీదు ఉంది.

మనసు చంపుకుని ప్రతి ట్రిప్‌కీ వెళ్లడం ఒకటి. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, అత్తగారికి చెప్పడానికి ఊళ్ల పేర్లుంటాయి. కానీ మీకు వారమంతా ఒంటరితనం, వారాంతం ఆ ప్రశ్నలు. ఎక్కడో ఒకచోట, ఏ రైల్వే ప్లాట్‌ఫాం మీదో, అది కోపంగా బయటపడుతుంది. నేను దీన్ని సమర్థించలేను.

ఆయన్ని వాళ్లతో వెళ్లనిచ్చి మీరు పేటలో ఉండిపోవడం రెండోది. ఇందులో పాపం లేదు. మొగుడూ పెళ్లాలు ప్రతి సెలవూ కలిసే గడపాలని ఎక్కడా లేదు. కానీ "ఒంట్లో బాగాలేదు" అన్న అబద్ధం మాత్రం ఇక వద్దు. ఆ మాట చెప్పిన రోజున మీరు హాయిగా నడవడం కూడా దొంగతనంగా చేయాల్సిన పని అవుతుంది. "తనకి ఊళ్లోనే తిరగడం ఇష్టం, ఈసారి రాలేదు" అని ఆయన మామూలుగా చెబితే చాలు, రెండోసారికి ఎవరూ పట్టించుకోరు. ఈ దారిలో ఉన్న నష్టం ఇంకోటి. రేపు రాత్రి పదింటికి ఎవరికైనా జ్వరమొచ్చినా, ఇల్లు మారాల్సొచ్చినా ముందు వచ్చేది ఆ నాలుగు జంటలే. వాళ్లని పూర్తిగా వదులుకోకండి. వాళ్లలో మీకు కాస్త నచ్చిన ఒక్కావిడని, ఒక ఆదివారం మీతో నడవడానికి రమ్మనండి. గుంపులో గుచ్చినట్టు అడిగే మనిషే ఒంటరిగా దొరికితే తన కష్టాలు చెప్పుకుంటుంది. ఆవిడా ఏదో ఒక ఉద్యోగం వదులుకునే వచ్చి ఉంటుంది.

వారాంతాన్ని చెరిసగం చేసుకోవడం మూడో దారి. శనివారం రైలుది, ఆదివారం పేటది. ఓ వారం నీది, ఓ వారం నాది అని పంచుకోవడం కంటే ఇదే మేలంటాను. అలా పంచుకుంటే రెండోవాళ్ల వారం శిక్షలా లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. ఇందులో ఆయనకి రెండు రోజుల ప్రయాణాలు పోతాయి. అలాంటివి సెలవు కలిసొచ్చినప్పుడే కుదురుతాయి. బదులుగా దగ్గరివి ఎన్నో ఉన్నాయి. డాయ్చ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఉంటే, ఐసీఈ లాంటి స్పీడ్ రైళ్లు తప్ప, దేశమంతా ప్రాంతీయ రైళ్లలో తిరగొచ్చు. పక్కనున్న పోట్స్‌డామ్‌కి ఎస్-బాన్ అనే లోకల్ రైల్లో కూడా వెళ్లొచ్చు, సాన్‌సూసీ రాజభవనం తోటల్లో ఒక పూట నడిచి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. అది ఆయనకి ట్రిప్పే, మీకు నడకే. ఇంకా తేలిక కావాలంటే మీ స్టేషన్‌లోనే రింగ్ రైలు ఆగుతుంది. 37 కిలోమీటర్లు, గంటలో ఊరు చుట్టి మళ్లీ అక్కడికే వస్తుంది. ఆయన ఏదో ఒక స్టేషన్ పేరు చెబుతారు, అక్కడ దిగి మీరు దారి తీస్తారు.

నాలుగోది ఆయన్ని మీ వెంట తీసుకెళ్లడం. ఇదివరకు ఒకసారి తీసుకెళితే అరగంటకే ఫోన్ తీశారని రాశారు. గమ్యం లేని నడక అందరికీ ఎక్కదు, దానికి నొచ్చుకోకండి. ఆయనకి విమానాలంటే పిచ్చి అన్నారు కదా? హెర్మన్‌స్ట్రాసె దాటి అవతలి వైపు నడిస్తే టెంపెల్‌హోఫ్ మైదానం వస్తుంది. సోవియట్లు 1948 జూన్‌లో పశ్చిమ బెర్లిన్‌కి రోడ్డు, రైలు దారులు మూసేస్తే, తర్వాతి ఏడాది సెప్టెంబర్ దాకా బొగ్గు, పిండి, పాలపొడి విమానాల్లో వచ్చి దిగిన చోట్లలో అదొకటి. 2008 అక్టోబర్‌లో ఆ ఎయిర్‌పోర్ట్ మూసేశారు, 2010లో జనానికి తెరిచారు. 2014లో అక్కడ ఇళ్లు కడదామన్న ప్రతిపాదన వస్తే ఊరివాళ్లు ఓట్లేసి కాదన్నారు. ఇప్పటికీ రన్‌వేలు అలాగే ఉన్నాయి. వాటి మీద నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. వసంతంలో గడ్డి మధ్య భరత పక్షులు నేల మీదే గూళ్లు పెట్టుకుంటాయని కొంత భాగానికి అడ్డు కడతారు. ఆ పక్షులు మీ కోసం, రన్‌వే ఆయన కోసం. పొద్దుగూకితే గేట్లు వేసేస్తారు, అక్కడ రాసి ఉన్న టైం చూసుకుని లోపలికి వెళ్లండి. అత్తగారికి అక్కడి నుంచే వీడియో కాల్ చేయండి. ఫోన్ ఆయన చేతికిచ్చి, ఆయన్నే చూపించమనండి. "ఏం చూశారు" అన్న ప్రశ్నకి మీరొక్కరే జవాబు చెప్పాల్సిన పని లేదు.

ఒంటరిగా తిరగడం ప్రమాదమని ఆయన అంటున్నది పూర్తిగా కొట్టిపారేయలేను. పగలు మీరు చెప్పిన వీధుల్లో భయపడాల్సిందేమీ లేదు. హెర్మన్‌ప్లాట్స్ చుట్టూ, హాజెన్‌హైడె పార్కులో మత్తుమందులు అమ్మేవాళ్లు తిరుగుతుంటారు, చీకటి పడ్డాక అటు వద్దు. డిసెంబర్‌లో నాలుగింటికే పొద్దుపోతుంది కాబట్టి చలికాలం పన్నెండింటికే బయల్దేరండి. ఫోన్‌లో లొకేషన్ ఆయనకి కనిపించేలా పెట్టండి. ఆయనకి దిగులు తగ్గుతుంది, మీకు ప్రశ్నలు తగ్గుతాయి.

ఎవరూ అడగని నడకతో పాటు, ఎవరో ఒకరు పలకరించే చోటు కూడా వారానికి ఒకటి ఉండాలి. కార్ల్ మార్క్స్ స్ట్రాసెలో నాయ్‌కోల్న్ ఆర్కాడెన్ మాల్ పై అంతస్తులో హెలెనె నాథన్ లైబ్రరీ ఉంది. బెర్లిన్ లైబ్రరీల్లో జర్మన్ నేర్చుకునేవాళ్లు కూర్చుని మాట్లాడుకునే కబుర్ల గుంపులు నడుస్తుంటాయి, దగ్గర్లో ఎక్కడుందో అక్కడ అడగండి. అడగడం కూడా జర్మన్‌లోనే అడగండి. వేసవి ఆదివారాల్లో కోర్నర్ పార్క్‌లో ఉచితంగా కచేరీలు పెడతారు. పాత కంకర గుంతని తోట చేసిన చోటు అది, వీధి కంటే బాగా పల్లంలో ఉంటుంది. పక్కన కూర్చున్న ముసలావిడ కచేరీ ఎలా ఉందని అడిగితే రెండు ముక్కలు చెప్పండి. ఆవిడ జాబ్ సంగతి అడగదు.

వీటిలో ఏ దారి పట్టినా, తర్వాతి ట్రిప్‌కి టికెట్లు బుక్ చేయకముందే ఆయనతో రెండు మాటలు కావాలి. మొదటిది, రైల్లో ఆ ప్రశ్న మిమ్మల్ని ఎంత కోస్తోందో చెప్పడం. తెలిస్తే ఆయనే మాట మార్చి మిమ్మల్ని కాస్తారు. తెలియకపోతే ఆయనా అందరితో పాటు నవ్వుతారు. రెండోది ఉంటారా, వస్తారా అన్నది. అది ఊరికే ఎత్తడం కష్టం, కాబట్టి కాగితాలతో మొదలుపెట్టండి. బ్లూ కార్డ్ మీద పనిచేస్తూ పెన్షన్ చెల్లింపులు కడుతున్నవాళ్లకి మామూలు జర్మన్ వస్తే 27 నెలలకి, బీ వన్ స్థాయి వస్తే 21 నెలలకే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసే వీలుంది. భార్యగా మీకు అక్కడ ఏ ఉద్యోగమైనా చేసే హక్కు ఇప్పటికే ఉంది. ఆయన కార్డు తీసి, నెలలు లెక్కపెట్టి, ఆ తారీఖు వచ్చేసరికి మనం ఏం కావాలనుకుంటున్నామని అడగండి. వెనక్కి వచ్చేయాలనే తేలితే, చూడాల్సిన ఊళ్ల జాబితాలో ఆయన వేగానికి మీరు కొంత సర్దుకోవాల్సి వస్తుంది. ఉండాలని తేలితే ఆయనకి తొందర దానంతట అదే తగ్గుతుంది, మీ క్లాసులో ఆయన కూడా చేరాల్సి రావచ్చు. ఏ సంగతీ తేలకపోయినా ఫర్వాలేదు, మళ్లీ ఎప్పుడు మాట్లాడుకుంటారో ఒక నెల అనుకోండి. ఏమైందో వీలైతే రాయండి.